చదువు వచ్చిన గాడిద

మన దేశమున అక్షరములు నేర్చిన ప్రతివాడును బాల్యమున నక్కలతోను సింహములతోను కొంతకాలము కాపురము చేసినవాడే. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో నీతిచంద్రికను వెలువరించిన నాటనుండి తరతరముల తెలుగు బాలురు ఆ గ్రంథమును బడులలో వల్లించిరి. వల్లించినది దేనికొరకు? సంధులకొరకు, సమాసములకొరకు, పరీక్షలో గట్టెక్కుటకొరకు. దమనకుడను నక్క యొక రాజ్యమును లోలోపల నెట్లు తొలిచివేసెనో ఆ కథను కంఠస్థము చేసితిమి. అందలి ద్రుతప్రకృతికములను వెదకి పట్టుకొంటిమి. దమనకుని మాత్రము పట్టుకొనలేదు. పెద్దవారమైన పిమ్మట ఆ పుస్తకమును అటకమీదికి చేర్చి, అవి పిల్లల కథలని తీర్మానించుకొంటిమి. పుస్తకము అటకమీదనే యున్నది గాని దమనకుడచ్చట లేడు. కచేరీలలోను, సభలలోను, సంఘములలోను ఆతడు యథేచ్ఛగా సంచరించుచునే యున్నాడు.

రాజకీయ జంతుకథలు పిల్లలకొరకై పుట్టినవి కావు. అధికారమెట్లు చేకూరును, ఎట్లు కుళ్లును, ఆ కుళ్లునకు ఎవరెవరు తోడ్పడుదురు అను విషయములను పరిశోధించు శాస్త్రమవి. ఆ శాస్త్రము కడపట మనవంటి చదువరులను అప్రియమైన యొక ప్రశ్న యడుగుచున్నది. ఆ ప్రశ్నకొరకే యీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

అసలు మృగములచేత మాటలాడించుట యెందులకు? గ్రీకుదేశపు ఈసపు బానిసయని చెప్పుదురు. ఆతని కథలను లాటిను పద్యములుగా వ్రాసిన ఫీడ్రసు దాస్యమునుండి విముక్తుడైనవాడు. మనసులోని మాటను బాహాటముగా చెప్ప వెరచిన దాసుడు దానిని కట్టుకథగా మార్చి చెప్పెననియు, ఈ కథల పుట్టుక యదియే యనియు ఫీడ్రసు తన గ్రంథమున వివరించెను. టైబీరియసు చక్రవర్తి కాలమున సర్వాధికారియై యుండిన సెజానసువలన తాను ఇడుములపాలైతినని కూడ నాతడు వాపోయెను. మన పంచతంత్రము పుట్టుక వేరు. బుద్ధిహీనులైన మువ్వురు రాజకుమారులకు ఆరు మాసములలో రాజనీతి నేర్పెదనని విష్ణుశర్మ ప్రతిన బూని చెప్పిన కథలవి. అచ్చట క్రిందివాడు పైవారిని గూర్చి చెప్పికొనిన కథ. ఇచ్చట పైవారిని గూర్చి పైవారికే చెప్పిన కథ. దారులు రెండైనను అవి చేరిన చోటొక్కటే. ఉన్న సత్యము నున్నట్లు చెప్పినచో రాజు చెవులు మూసికొనును, చెప్పినవాడు తల పోగొట్టుకొనును. అదే సత్యమును నక్క చెప్పినచో అందరును విందురు.

ఇక ఆ నక్క చెప్పునదేమో చూతము. పింగళకుడను సింహము నీరు త్రావుటకై యమునాతీరమునకు పోవుచు, సంజీవకుడను వృషభముయొక్క ఱంకె విని భయపడును. ఎన్నడును వినని ధ్వని. ఏ భూతముదో తెలియదు. దాహము తీరకయే వెనుదిరిగి, భయమును పైకి కానరానీయక కూర్చుండును. అధికారముయొక్క మొదటి రోగము క్రౌర్యమని మనమనుకొందుము. పంచతంత్రకారు డట్లనలేదు, దాచిపెట్టిన భయమే మొదటి రోగమనుచున్నాడు. కొలువు పోగొట్టుకొని యొక మూల పడియున్న మంత్రిపుత్రుడు దమనకుడు ఆ భయమును పసిగట్టును. ప్రభువు దాచిన భయమును కనిపెట్టినవానికి ఆ ప్రభువే దాసుడగును. దమనకుడు పోయి ఆ యెద్దును వెంటగొని వచ్చి సింహమునకు మైత్రి కూర్చును. ఆ మైత్రి పెరిగి తన పలుకుబడి తరిగినంతనే, ఆ నోటితోనే సింహముకడ ఎద్దును గూర్చియు, ఎద్దుకడ సింహమును గూర్చియు చాడీలు చెప్పి ఒకనిచేత నొకని చంపించును.

ఆ కథలో సింహమునకు బలము తక్కువలేదు, ఎద్దునకు మంచితనము తక్కువలేదు. ఇరువురును ఒక్క గడియ ఎదురెదురుగా కూర్చుండి నీకేమి తెలిసినది, నాకేమి తెలిసినది యని యడిగికొనియున్నచో కథ అచ్చటనే ముగిసెడిది. వారట్లు కూర్చుండకుండ చూచుటయే దమనకుని వృత్తి. ప్రభుత్వమునకును ప్రజకును నడుమ నిలిచి, ఇచ్చటి మాట అచ్చటికి మార్చి చేర్చుచు, ఆ మార్పుమీద జీవించువానిని మేము న్యాయవాద వృత్తిలో ఇరువది యేండ్లుగా చూచుచున్నాము. అర్జీదారునితో "అయ్యగారు కోపముగా నున్నారు" అనును. అయ్యగారితో "అర్జీదారుడు పేచీకోరు" అనును. ఇరువురికిని ఆతడే దిక్కగును. లంచము పుట్టుచోటు ఖజానా కాదు, ఈ నడిమి చీకటి.

ఆ తంత్రముననే మరియొక కథ కలదు. ఒక సింహము ఒంటె కభయమిచ్చి తన కొలువున నుంచుకొనును. ఏనుగుతోడి పోరున గాయపడి వేటాడలేక సింహము ఆకలిగొనియుండగా, కాకియు నక్కయు ఒంటెను చంపుమని బోధించును. మాట యిచ్చితినే యని సింహము సంశయించును. అప్పుడు వారు పన్నిన పన్నుగడ చూడుడు. ఒక్కొక్క సేవకుడును వరుసగా ముందునకు వచ్చి తన దేహమును ప్రభువున కర్పించునట్లు నటించును. తక్కినవారు అడ్డు చెప్పుదురు. ఇది చూచి ఒంటె తానును అట్లే చెప్పవలయు ననుకొని చెప్పును. దానికి మాత్రమెవరును అడ్డు చెప్పరు. అభయమిచ్చిన మాట అక్షరాల నిలిచినది, ప్రాణము పోయినది. చట్టమును తప్పకయే ధర్మమును తప్పు విద్యను ఇంతకన్న స్పష్టముగా చూపిన గ్రంథము మా న్యాయశాస్త్ర గ్రంథములలో కానము. పెద్దలు త్యాగమును గూర్చి వేదికలపై పోటీపడి పలుకునప్పుడెల్ల, ఈ వరుసలో ఒంటె ఎవరా యని వెదకికొనుట పేదవానికి మంచిది.

ఇంత చేసిన దమనకున కేమి శిక్ష పడినది? ఏమియు లేదు. సంస్కృత కథలో ఎద్దు చచ్చును, సింహము విచారించును, నక్క ఓదార్చును, ఓదార్చి మంత్రియగును. ఈ ముగింపు విదేశీయు నొకనికి సహింపరానిదయ్యెను. 6వ శతాబ్దమున పారసీక ప్రభువు అనుషిర్వానుని వైద్యుడు బుర్జోయి మన కథలను పహ్లవీ భాషలోనికి గొనిపోయెను. 8వ శతాబ్దమున ఇబ్ను అల్ ముకఫా యను పారసీక విద్వాంసుడు వానిని 'కలీలా వ దిమ్నా' అను పేర అరబ్బీలోనికి తెచ్చెను. మన కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. ఆ యరబ్బీ గ్రంథమున మన మూలమున లేని ప్రకరణ మొకటి కలదు. అది ముకఫాయే చేర్చినదని పండితు లనేకుల యభిప్రాయము. అందు నక్కను బంధించి సభ యెదుట నిలిపి విచారింతురు. నక్క తన వాక్చాతుర్యముతో ఒక్కొక్క నిందను త్రిప్పికొట్టును. తుదకు సాక్షులు దొరకగా శిక్ష పడును. ఈ ప్రకరణమును చేర్చిన విద్వాంసుని గతి యేమైనది? బస్రా నగరమున అధికారుల ఆగ్రహమునకు గురియై నడివయసు దాటకయే వధింపబడెను. నక్కకైన విచారణ జరిగినది. దానికి విచారణ జరుపవలెనన్న వానికి జరిగినది వధ.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు, దానిని దాటిపోరాదు. ఈ కథలు ప్రజాస్వామ్యమునకు పనికిరావని కొందరనుదురు. ఏలయన, వీనిలో సింహము పుట్టుకచేతనే రాజు, నక్క పుట్టుకచేతనే వంచకుడు. నీలిబానలో పడి రంగు మారిన నక్క, దేవుడు పంపిన రాజునని చెప్పి, పులిసింహములకు ఉద్యోగములిచ్చి, తన జాతి నక్కలను తరిమివేసి యేలుచుండి, ఒకనాటిరేయి దూరమున నక్కల కూత విని ఉండబట్టలేక తానును ఊళపెట్టి చచ్చును. పుట్టుక మారదు, తక్కువవాడు గద్దెనెక్కరాదు అనుటయే దీని భావమైనచో, ఈ కథను మనము త్రోసివేయవలసినదే. కులమునుబట్టి గుణము నెంచు దురభ్యాసము మన దేశమును చేసిన చెరుపు చాలదా?

ఈ యాక్షేపణకు సమాధానము భారతములోనే కలదు. తిక్కన సోమయాజి తెనిగించిన శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు పులియు నక్కయు అను కథ చెప్పును. అచ్చట నక్క హింస మాని శుచిగా బ్రతుకుచుండును. దాని కీర్తి విని పులి మంత్రిత్వమునకు పిలుచును. నక్క తొలుత అంగీకరింపదు. తుదకు కొన్ని నిబంధనలపై అంగీకరించును. అంతవరకు రాజుసొమ్ము తినుచుండిన పాత సేవకులకు చేయాడదు. వారు నక్కను మంచి మాటలతోను ధనముతోను లోబరచుకొన జూచి, వీలుగాక, పులికొరకుంచిన మాంసమును దొంగిలించి నక్కయింట దాచి, దొంగ ఇతడేయని చూపింతురు. పులి కనులెర్రజేసి చంపుడనును. అప్పుడు పులితల్లి యడ్డుపడి, విచారింపక శిక్షింపవలదని బోధించును. నిజము బయల్పడును. పులి పశ్చాత్తాపపడి కౌగిలించుకొనును. నక్క నమస్కరించి, ఒకమారు అవమానించిన కొలువులో ఇక నిలువనని వెడలిపోయి నిరాహారయై ప్రాణములు విడుచును.

కనుక జాతి కాదు ప్రధానము, తానున్న స్థానమున ఎట్లు వర్తించెననునదే ప్రధానము. అదే నక్క ఒకచోట దమనకుడు, మరియొకచోట మహాపురుషుడు. జంతుకథను చదువునప్పుడు సింహమనిన రాజకులము, నక్కయనిన ఫలాని కులము అని చదువరాదు. సింహమనిన గద్దె, నక్కయనిన గద్దె ప్రక్కనున్న పీట అని చదువవలయును. నీలినక్క తప్పు నక్కగా పుట్టుట కాదు. తనవారిని తరిమివేయుట, రంగును దైవదత్తమని నమ్మబలుకుట, ఇవి దాని తప్పులు. నిజాయితీపరుడైన ఉద్యోగిపై నింద మోపి బదిలీచేయించు నేర్పు నిన్న మొన్నటిది కాదనియు ఈ కథవలన తేటపడుచున్నది.

ఇరువదవ శతాబ్దమున ఈ శాస్త్రమునకు క్రొత్త ప్రకరణమును చేర్చినవాడు జార్జి ఆర్వెల్. ఆతడు 1903లో మన బీహారులోని మోతీహారిలో జన్మించి, బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి, సామ్రాజ్యమును లోపలినుండి చూచి వెడలిపోయిన యాంగ్లేయుడు. 'ఏనిమల్ ఫారమ్' అను ఆతని చిన్న పుస్తకమున పశువులు యజమానిని తరిమి స్వరాజ్యము స్థాపించుకొనును. అందరును సమానులను భావముతో ఏడు శాసనములు కొట్టపు గోడమీద వ్రాయించుకొనును. అటుపిమ్మట నాయకులైన పందులు ఏమేమి చేసినవో లోకమెరిగినదే. కాని ఆ పతనమెచ్చట మొదలైనది? రక్తపాతమున కాదు. పాలును, రాలిన ఆపిలు పండ్లును తమకే ప్రత్యేకముగా కావలయునని పందులు తీసికొనిన దినముననే మొదలైనది. కథకు మలుపు అదియేయని ఆర్వెల్ తన లేఖ యొకదానిలో చెప్పెను. ఆనాడు తక్కిన పశువులు అడిగియున్నచో అడ్డుకొనగలిగెడివి. మెదడుతో పనిచేయువారికి పోషణ కావలయునని స్క్వీలరను పంది చెప్పగా అవి తల లూపెను. మన దమనకుని వంశమువాడే యా స్క్వీలరు.

ఆ పుస్తకమునకు పట్టిన గతియు నొక నీతికథయే. 1944 నాటికి వ్రాత ముగిసెను. సోవియట్టు రష్యా అప్పుడు బ్రిటనునకు యుద్ధమున మిత్రము. కనుక ప్రకాశకులు వరుసగా నిరాకరించిరి. వారిలో ఒకరు ప్రభుత్వ సమాచారశాఖ యుద్యోగి హితవుచే వెనుకంజ వేసిరి. తుదకు 1945 ఆగస్టున అది వెలువడెను. నిషేధపుటుత్తరువు లేకయే పెద్దమనుష్యులు తమంత తామే నోరు మూసికొను వైఖరిని గూర్చి ఆర్వెల్ ఒక పీఠిక వ్రాసెను. ఆ పీఠికయే 1972 వరకు వెలుగు చూడలేదు. మరియు 1954లో ఆ కథను చలనచిత్రముగా తీయుటకు అమెరికా గూఢచారిశాఖ రహస్యముగా ధనమిచ్చెను, ముగింపు మార్చబడెను. ఒక వర్గమువారు కథను ఆపజూచిరి, మరియొక వర్గమువారు కథను తమ బండికి కట్టుకొనజూచిరి. ఎదుటిపక్షమును తిట్టుటకు మాత్రమే నీతికథ నుపయోగించువాడు దానిని చదువలేదనియే చెప్పవలయును. పందులు ఏ జెండాక్రిందనైనను పందులే. అన్ని పక్షములవారును ఆ కథలో ఎదుటివారి ముఖమునే చూచుచుండుట మన కాలపు వింత.

ఇక మేము మొదట చెప్పిన ప్రశ్నకు వచ్చుచున్నాము. ఆ కొట్టపు గోడమీది శాసనములు రాత్రివేళ మార్పుచెందుచుండెను. ఒక మాట చేర్చబడును, నిషేధము సడలును. పశువులలో పెక్కింటికి చదువు రాదు; వచ్చినదేదో మరపున పడినది. బాక్సరను గుర్రము మొదటి నాలుగక్షరములు దాటలేకపోయెను. మరింత కష్టపడి పనిచేయుట యొక్కటే దానికి తెలిసినది. అయితే ఆ దొడ్డిలో పందులతో సమానముగా చదువనేర్చిన జంతు వొకటి యుండెను. అది బెంజమినను ముసలి గాడిద. దానికంతయు తెలియును. గోడమీద మారినది చదివిపెట్టుమని క్లోవరను గుర్రము అడుగగా, ఇట్టి వ్యవహారములలో తలదూర్చనని నిరాకరించెను. పాలు పోయినప్పుడు ఊరకుండెను; శాసనములు మారినప్పుడు ఊరకుండెను. తన చెలికాడైన బాక్సరును వైద్యశాలకని చెప్పి బండిలో నెక్కించి కొనిపోవునప్పుడు, ఆ బండి ప్రక్కనున్న వ్రాతను చూచి, అది కటికవాని బండి యని మొట్టమొదటిసారి గొంతెత్తి చదివెను. అప్పటికి బండి కదలినది. లోపలినుండి తన్నుటకు గుర్రమునకు బలము చాలలేదు.

చదువరులారా, ఆ దొడ్డిలో మనమెవరము? పందులము కామని తృప్తిపడుదుము. గుర్రమంత కష్టపడుటలేదని లోలోన మనకు తెలియును. పఠనమందిరమున పంకాక్రింద కూర్చుండి పత్రికలన్నియు తిరుగవేసి, "అన్నియు తెలిసినవే" యని లేచిపోవు మనము ఆ గాడిదలమే. ఈ మాట ఇతరులను నిందించుటకై చెప్పుటలేదు. కొన్ని యేండ్లక్రిందట మా ప్రాంతపు స్థానికసంస్థ యొకటి తన పనుల పట్టికను గోడకు అంటించియుండగా మేము నిలుచుండి చదివితిమి. ఒకే మురుగుకాలువకు రెండు పేర్లతో రెండు బిల్లులు కనబడినవి. ఏమో, కాగితము తప్పేమో, మనకెందుకనుకొని యింటికి పోయితిమి. ఆ గుత్తేదారు మా కక్షిదారులలో నొకరికి బంధువగుట కూడ మా మౌనమునకు కారణము కాదని చెప్పజాలము. మరుసటి వానకాలమున ఆ కాలువ పొంగి కూలివారి వీధి మునిగెను. ఆ వీధిలోని ఇల్లాలొకతె మా గుమాస్తాతో, "గోడమీద ఏమున్నదో మాకు చదువను రాదు గదా అయ్యా" యనినది. మాకు చదువను వచ్చును. ఆ దినమునుండి బెంజమిను పేరు చదివినప్పుడెల్ల మా పేరు విన్నట్లే యుండును.

మంచివారు పూనుకొననిచోట ఎవరు పూనుకొందురో యూదుల ప్రాచీనగ్రంథమైన న్యాయాధిపతుల కాండలో నొక కథ చెప్పుచున్నది. డెబ్బదిమంది సోదరులను చంపించి రాజైన అబీమెలెకును గూర్చి యోతాము కొండశిఖరమునుండి కేకవేసి చెప్పిన కథ యది. చెట్లన్నియు రాజును కోరుకొని ఒలీవ నడిగినవి. నా నూనె విడిచి రానన్నది. అంజూర నడిగినవి, నా తీపి విడిచి రానన్నది. ద్రాక్షయు నట్లే యనెను. తుదకు ముండ్లపొదను అడుగగా, నా నీడకు రండు, రానిచో నానుండి అగ్ని పుట్టి దేవదారువులను దహించుననెను. మంచిచెట్ల నిరాకరణమే ముండ్లపొదకు పట్టాభిషేకము.

తరణోపాయము లేదా? కలదు, అదియు కథలోనే యున్నది. గోడమీద నున్నదానిని బిగ్గరగా చదువుట. 1994లో రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు పల్లెలలో సభలు కూర్చి, కూలిపనుల హాజరుపట్టీలను ప్రజలయెదుట చదివి వినిపించిరి. పని చేయనివారి పేర్లును, జరుగని పనుల లెక్కలును అందు బయల్పడినవి. ఆ యుద్యమము పెరిగి పెరిగి 2005లో సమాచారహక్కు చట్టమునకు దారితీసెను. అదే 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున సామాజిక తనిఖీ విధింపబడగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2006 నుండి అక్షరములు వచ్చిన పల్లెయువకులే ఇల్లిల్లు తిరిగి విచారించి, సభలో ఎవరి పేర ఎన్ని దినములు, ఎంత కూలి వ్రాయబడెనో పైకి చదివిరి. అచ్చట సింహమును గర్జింపజేయలేదు, కత్తి దూయలేదు. కాగితమును చదివిరి, అంతే. దమనకుని బ్రతుకు నడిమి చీకటిలో నున్నదని తెలిసిన పిమ్మట, దీపముకన్న వేరే ఆయుధ మెందులకు?

కావున పఠనమందిరములవారికి మా మనవి. వారమున కొక సాయంకాలము పత్రిక మూసి, ఊరి లెక్కలు తెరువుడు. పురపాలకసంఘపు తీర్మానమో, పనుల పట్టికయో, సమాచారహక్కు క్రింద తెచ్చికొనిన నకలో ఒకటి చేతబూని, చదువురానివారిని పిలిచి, వారు వినునట్లు చదువుడు. తప్పు కనబడినచో పులితల్లి మాట మరువక, తొందరపడి నిందింపక, విచారింపుడు; విచారించిన పిమ్మట మాత్రము వెనుదీయకుడు. పాలు పోయిననాడే అడుగుడు. పాలను గూర్చి అడుగుట అల్పత్వమని స్క్వీలరు చెప్పును, వినకుడు.

బండి ప్రక్కనున్న వ్రాత చదువుటకు మనకు చదువున్నది. బండి కదలకముందే చదువుదుమా యనునదే ప్రశ్న.